మూగవోయిన రేడియో – నాలుగంకెల తాళము

ఇంగ్లండులో ఒక గృహస్థు పది పన్నెండేండ్లు నడిచిన ఫోర్డు కారును కొనుక్కొన్నాడనుకొందాము. ఇంజను బాగున్నది, టైర్లు బాగున్నవి, రేడియో చక్కగా పాడుతున్నది. చలికాలము వచ్చినది. ఒకనాటి ఉదయము ఎంత ప్రయత్నించినా ఇంజను కదలలేదు. బ్యాటరీ పాతబడిపోయినదని తెలిసి, అతడు క్రొత్త బ్యాటరీ తెచ్చి బిగించాడు. ఇంజను తిరిగినది, దీపములు వెలిగినవి, అద్దము తుడిచే కర్రలు ఆడినవి. రేడియో ఒక్కటే పలుకలేదు. దాని పలకమీద ‘కోడ్’ అన్న మాట, ఆ ప్రక్కన నాలుగు అడ్డగీతలు మాత్రము కనబడుతున్నవి. నాలుగంకెల రహస్యసంఖ్య చెప్పినగాని పాడనని దాని అర్థము.

ఆ సంఖ్య అతనికి తెలియదు. అమ్మిన మనిషిని అడిగితే, అతడూ మరొకరివద్ద కొన్నవాడే. మొదటి యజమానికి కారుతోపాటు ఇచ్చిన చిన్న అట్టముక్కమీద ఆ సంఖ్య వ్రాసి ఉండేది. ఆ అట్టముక్క ఏనాడో ఎక్కడో పోయినది.

నిజానికి రేడియోకు ఏ జబ్బూ లేదు. అందులో ఏ భాగమూ కాలలేదు, ఏ తీగా తెగలేదు. తయారుచేసినవారు నేర్పిన పనినే అది తుచ తప్పకుండా చేస్తున్నది. తన్నెవరో దొంగిలించారని అది అనుమానిస్తున్నది. న్యాయముగా డబ్బిచ్చి కొన్న మనిషి తన కారులోనే దొంగగా లెక్కకు వచ్చాడు. రేడియోకు ఈ అనుమానము ఎట్లా కలిగినది? ఆ సంఖ్యను తిరిగి సంపాదించే మార్గమున్నదా? అసలు యజమాని సంపాదించగలిగితే, దొంగ ఎందుకు సంపాదించలేడు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానములు వెదికితే ఎలక్ట్రానిక్ జ్ఞాపకశక్తి, లెక్కింపు, సంభావ్యత అనే విషయములు ఒక్కచోటనే కలుస్తవి.

ఎవరి కారులోనైనా ఇమిడే సొత్తు

కారులో రేడియో పెట్టుట క్రొత్త సంగతి కాదు. అమెరికాలో షికాగో నగరములోని గాల్విన్ కంపెనీ 1930లో ‘మోటొరోలా’ అన్న పేరుతో కారు రేడియోను అమ్మకానికి పెట్టినది. 1932లో జర్మనీకి చెందిన బ్లౌపుంక్ట్ కంపెనీ ఐరోపాలో మొదటి కారు రేడియోను తెచ్చినది. శూన్యనాళికలతో పనిచేసే ఆ యంత్రము సుమారు 15 కిలోల బరువు. దానిని ఊడదీసి చంకన పెట్టుకొని పరుగెత్తుట తేలిక కాదు. 1955లో అమెరికాలో క్రైస్లర్ కార్లలో పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే రేడియో వచ్చినది. రేడియోలు చిన్నవైనవి. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ను లోకానికి పరిచయము చేసిన తరువాత రేడియో, టేపు రెండూ ఒకే పెట్టెలో చేరినవి. పెట్టె చిన్నదైనది, విలువ పెరిగినది. దొంగకు కావలసిన లక్షణములు ఈ రెండే.

దీనికి తోడు మరొక సౌకర్యము కూడా దొంగకే కలిసివచ్చినది. ఒక కంపెనీ రేడియో మరొక కంపెనీ కారులో ఇమడాలంటే అన్నిటికీ ఒకే కొలత ఉండాలి. అందుకని జర్మను ప్రమాణముల సంస్థ సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తుగల సొరుగును ప్రమాణముగా నిర్ణయించినది. 1984లో అదే అంతర్జాతీయ ప్రమాణమైనది. రెండు వంకర కమ్మీలను రేడియో అంచులలోని రంధ్రములలో దూర్చి లాగితే చాలు, పెట్టె బయటికి వస్తుంది. మరమ్మతు చేసేవారికి ఇది ఎంత సుఖమో దొంగకూ అంత సుఖమే. పైగా దొంగిలించిన రేడియో ఏ కారులోనైనా ఇముడుతుంది గనుక కొనేవారికి కొరత లేదు.

1980 తరువాతి సంవత్సరములలో పెద్ద నగరములలో కారు అద్దము పగులగొట్టి రేడియో పట్టుకుపోవుట నిత్యకృత్యమైనది. న్యూయార్కు నగరములో కారువారు ‘ఇందులో రేడియో లేదు’ అని అద్దమునకు కాగితములు అంటించుకొనేవారు. కొందరు రేడియోను సొరుగుతో సహా ఊడదీసి వెంట తీసుకొనిపోయేవారు. తరువాత ముందు పలకను మాత్రము ఊడదీసి జేబులో వేసుకొనే రేడియోలు వచ్చినవి. ఈ ఉపాయములన్నిటిలోను యజమానికి రోజూ శ్రమే. శ్రమలేని ఉపాయముగా తోచినది రహస్యసంఖ్య.

ఈ తాళము తలుపు తాళమువంటిది కాదు. రేడియోను ఎత్తుకొనిపోకుండా ఇది ఆపదు. ఎత్తుకొనిపోయిన తరువాత అది పనికిరాకుండా చేస్తుంది. కనుక ఇందులో రహస్యసంఖ్య ఉన్నదని దొంగకు ముందే తెలిస్తేనే ప్రయోజనము. లేకపోతే అతడు అద్దము పగులగొట్టనే కొడతాడు, రేడియో పట్టుకుపోనే పోతాడు. ఇంటికి వెళ్ళిన తరువాత నిరాశపడతాడు. యజమానికి దానివలన ఒరిగేదేమీ లేదు. అందుకనే ఇటువంటి రేడియోలున్న కార్ల అద్దములకు హెచ్చరిక కాగితములు అంటించేవారు.

రెండు తీగలు, రెండు జ్ఞాపకములు

కారు రేడియోకు రెండు తీగలద్వారా విద్యుత్తు వస్తుంది. మొదటిది తాళపుచెవి త్రిప్పినప్పుడు మాత్రమే ప్రవహించేది. పాడుటకు అనుమతి దీనివలన వస్తుంది. రెండవది బ్యాటరీనుండి నేరుగా వచ్చి, కారు ఆగి ఉన్నప్పుడు కూడా ప్రవహించేది. గడియారము నడిపేందుకు, స్టేషన్లు గుర్తుంచుకొనేందుకు కావలసిన కొన్ని మిల్లీ ఆంపియర్లు దీనివలన లభిస్తవి.

రేడియోలోని సూక్ష్మగణకమునకు జ్ఞాపకములు కూడా రెండు రకములు. ఒకటి పలకమీద సుద్దతో వ్రాసిన వ్రాతవంటిది. విద్యుత్తు ఉన్నంతసేపే ఉంటుంది, ఆగితే చెరిగిపోతుంది. ‘ఈ రేడియో తాళము తీసి ఉన్నది’ అన్న సంగతి ఈ జ్ఞాపకములో ఉంటుంది. రెండవది రాతిమీద చెక్కిన అక్షరమువంటిది. విద్యుత్తు లేకపోయినా ఏండ్ల తరబడి నిలుస్తుంది. రహస్యసంఖ్య ఉండేది ఇందులో.

ఈ రెండవ జ్ఞాపకము పనిచేసే తీరు ముచ్చటైనది. అర్ధవాహకపు ముక్కమీద, నాలుగు ప్రక్కలా విద్యుద్బంధకపు పొరతో కప్పిన చిన్న వాహకపు తునక ఉంటుంది. దానిని ఏ తీగా తాకదు. కాస్త ఎక్కువ వోల్టేజి ప్రయోగించినప్పుడు ఎలక్ట్రాన్లు పలుచని పొరను దాటి ఆ తునకమీదికి చేరుతవి. వోల్టేజి తీసివేస్తే వెనుకకు రావటానికి వాటికి దారి ఉండదు. ఎలక్ట్రాన్లు చిక్కుకొన్న తునకను ఒక గుర్తుగాను, చిక్కుకొనని తునకను మరొక గుర్తుగాను తీసుకొంటే 0, 1 అనే రెండు అంకెలతో ఏ సంఖ్యనైనా వ్రాయవచ్చును. ఇట్టి తునకతో జ్ఞాపకమును నిర్మించవచ్చునని 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పనిచేస్తున్న డావన్ కాంగ్, సైమన్ జే అనే శాస్త్రజ్ఞులు చూపారు. కారు రేడియోలలో ఈ పని చేసేది తరచుగా ఎనిమిది కాళ్ళుగల వ్రేలిగోరంత చిప్పు. ఉదాహరణకు 1742 అనే సంఖ్యలోని ఒక్కొక్క అంకెను నాలుగేసి గుర్తులతో వ్రాస్తే అందులో 0001, 0111, 0100, 0010 అని ఉంటుంది.

ఇప్పుడు మన గృహస్థు రేడియోకు ఏమైనదో తెలుస్తున్నది. బ్యాటరీ ఊడదీసినప్పుడు ఎప్పుడూ విద్యుత్తు ఉండవలసిన తీగ కూడా చచ్చిపోయినది. సుద్దవ్రాత చెరిగిపోయినది. క్రొత్త బ్యాటరీ పెట్టగానే గణకము నిద్రలేచి చూచుకొన్నది. తాళము తీసి ఉన్నదన్న గుర్తు కనబడలేదు. రాతివ్రాతలో రహస్యసంఖ్య కనబడినది. కనుక ఆ సంఖ్యను అడిగినది. కారునుండి రేడియోను దొంగ ఊడదీసినా సరిగ్గా ఇదే జరుగుతుంది. రేడియోకు తెలిసినదల్లా ఒక్కటే: విద్యుత్తు పోయినది, తిరిగి వచ్చినది. మధ్యలో జరిగినది మరమ్మతో, దొంగతనమో తెలుసుకొనే ఇంద్రియము దానికి లేదు.

పదివేలలో ఒకటి

0000 మొదలు 9999 వరకు నాలుగంకెల సంఖ్యలు పదివేలు. ఒక్కొక్కటే ప్రయత్నిస్తే ఎప్పుడో ఒకప్పుడు తగలక మానదు గదా అని తోచవచ్చును. ఒక ప్రయత్నమునకు పది సెకండ్లు పట్టుననుకొంటే, అన్నిటినీ ప్రయత్నించేందుకు లక్ష సెకండ్లు, అంటే సుమారు 28 గంటలు. సగటున అందులో సగమే చాలు. పధ్నాలుగు గంటలు ఓపికగా కూర్చొనే దొంగ దొరకటము కష్టము కాదు. కనుక నాలుగంకెల తాళము, అంకెల బలముతోనే అయితే, చాలా బలహీనమైన తాళము.

దాని అసలు బలము వేచి ఉండుటలో ఉన్నది. తప్పు సంఖ్య ఇచ్చిన వానిని రేడియో కొంతసేపు కూర్చోబెడుతుంది. రెండు నిజమైన ఉదాహరణములు తీసుకొందాము.

వోక్స్‌వాగన్ రేడియోలు చాలవరకు నాలుగంకెలవి. పలకమీద ‘సేఫ్’ అని చూపి, రెండు అవకాశములు ఇస్తవి. రెండూ తప్పితే రేడియోను వేసి ఉంచి ఒక గంట వేచి ఉండాలి. హోండా కంపెనీ రేడియోలలో సంఖ్య ఐదంకెలది. కాని ఆ అంకెలు స్టేషన్ల మీటలమీద ఉండే 1 మొదలు 6 వరకు మాత్రమే. అందులో పది అవకాశములు ఇచ్చి, అన్నీ తప్పితే ఒక గంట ఆపుతారు.

ఈ రెండింటిలో ఏది గట్టి తాళము? ఐదంకెలది గట్టిదని మొదట అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాము.

మొదటి దానిలో మొత్తము సంఖ్యలు 10 × 10 × 10 × 10, అంటే 10,000. గంటకు రెండు చొప్పున 5,000 గంటలు, అంటే సుమారు 208 రోజులు.

రెండవ దానిలో మొత్తము సంఖ్యలు 6 × 6 × 6 × 6 × 6, అంటే 7,776. గంటకు పది చొప్పున సుమారు 778 గంటలు, అంటే 32 రోజులు.

సంఖ్యల మొత్తములో తేడా పెద్దది కాదు. ఒకటి రెండవదానికి ఒకటింబావు రెట్లు ఉన్నది, అంతే. కాలములో మాత్రము ఆరు రెట్లకు పైగా తేడా వచ్చినది. ఆ తేడా గంటకు ఎన్ని అవకాశములు ఇస్తున్నారనే దానివలన వచ్చినది. అంకెలు పెంచకుండానే, కాలమును అడ్డుపెట్టి తాళమును గట్టిపరచవచ్చునన్నమాట. మరికొన్ని రేడియోలు ఇంకా కఠినమైనవి. ఫోర్డు రేడియోలు కొన్నిటి పలకమీద ‘లాక్ 13’ అని కనబడుతుంది. పదమూడు తప్పులతో తలుపు మూసుకొనిపోయినదని, ఇక సరియైన సంఖ్యను కూడా వినదని దాని భావము. పదివేలలో పదమూడు అవకాశములంటే, గ్రుడ్డిగా ప్రయత్నించేవాడు గెలిచే సంభావ్యత వెయ్యికి 1.3 మాత్రమే.

ఎన్ని తప్పులు జరిగినవన్న లెక్కను కూడా సాధారణముగా రాతివ్రాతవంటి జ్ఞాపకములోనే ఉంచుతారు. అందుచేత బ్యాటరీ ఊడదీసి మళ్ళీ పెట్టినంతమాత్రాన ఆ లెక్క చెరిగిపోదు. తొందరపడి తోచిన సంఖ్యలన్నీ నొక్కే యజమాని దొంగకన్న ఎక్కువ నష్టపడేది ఇక్కడనే. సంఖ్య తెలియనప్పుడు చేయవలసిన మొదటి పని ఏ మీటా నొక్కక ఊరకుండుట.

క్రమసంఖ్యకు, రహస్యసంఖ్యకు చుట్టరికము

మరి న్యాయమైన యజమానికి సంఖ్య ఎవరు చెప్పగలరు? ప్రతి రేడియోకు తయారీ సమయములో ఒక క్రమసంఖ్య వేస్తారు. అది రేడియో పెట్టెకు అంటించిన చీటీమీద ఉంటుంది. అందులో రహస్యమేమీ లేదు. క్రమసంఖ్య తెలిస్తే రహస్యసంఖ్య తెలుసుకొనే పద్ధతులు రెండు.

మొదటి పద్ధతిలో ఫ్యాక్టరీవారు ప్రతి రేడియోకు చీట్లు తీసినట్లు ఏదో ఒక రహస్యసంఖ్యను ఇచ్చి, రెండింటినీ ఒక పట్టికలో వ్రాసుకొంటారు. అడిగినప్పుడు పట్టిక చూచి చెబుతారు. రెండవ పద్ధతిలో పట్టికతో పని లేదు. క్రమసంఖ్యనుండి రహస్యసంఖ్యను రాబట్టే ఒక గణితసూత్రము ఉంటుంది. గణితములో దీనినే ప్రమేయము అంటారు.

ఉదాహరణకు ఒక సూత్రమును మనమే కల్పించుకొందాము. ఇది ఏ కంపెనీ సూత్రమూ కాదు. ‘క్రమసంఖ్యలోని చివరి నాలుగంకెలను త్రిప్పి వ్రాయుము. ప్రతి అంకెకు 3 కలుపుము. పది దాటితే ఒకట్ల స్థానమును మాత్రము ఉంచుము.’ ఒక రేడియో క్రమసంఖ్య 052841 అనుకొంటే చివరి నాలుగంకెలు 2841. త్రిప్పితే 1482. మూడేసి కలిపితే 4, 7, 1, 5. రహస్యసంఖ్య 4715 అయినది.

ఇందులో విద్యార్థులు గమనించదగిన సంగతి ఒకటున్నది. ఆరంకెల క్రమసంఖ్యలు పది లక్షలు. నాలుగంకెల రహస్యసంఖ్యలు పదివేలే. కనుక, సమముగా పంచినా, ఒక్కొక్క రహస్యసంఖ్య నూరు రేడియోలకు రావలసిందే. పది లక్షల పావురములను పదివేల గూళ్ళలో ఉంచినట్లే ఇది. క్రమసంఖ్య తెలిస్తే రహస్యసంఖ్య ఒక్కటే వస్తుంది. రహస్యసంఖ్య మాత్రమే తెలిస్తే అది ఏ రేడియోదో చెప్పలేము. ప్రమేయము ఒక దిక్కుగా నడుస్తుంది, వెనుకకు నడవనక్కరలేదు.

ఈ రెండు పద్ధతులలో దేని ప్రమాదము దానిది. పట్టిక పద్ధతిలో కంపెనీ మూతపడినా, పట్టిక పోయినా సంఖ్యలు శాశ్వతముగా పోతవి. సూత్రము పద్ధతిలో పోయేదేమీ లేదు. కాని ఆ సూత్రము ఒక్కసారి బయటపడితే, దానితో చేసిన లక్షల రేడియోల తాళములన్నీ ఒక్కనాటనే తెరచుకొంటవి. అప్పటికే అమ్ముడుపోయిన రేడియోలలో సూత్రమును మార్చుట అసాధ్యము. ఇది ఊహ కాదు. పాతకాలపు రేడియోలు అనేకమునకు సూత్రములు బయటపడినవి. క్రమసంఖ్య ఇస్తే క్షణములో రహస్యసంఖ్య చెప్పే ప్రోగ్రాములు నేడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నవి.

ఈ ప్రమాదమును 19వ శతాబ్దములోనే గుర్తించిన వారున్నారు. ఆగస్ట్ కెర్క్‌హోఫ్స్ అనే డచ్చి పండితుడు 1883లో ఫ్రెంచి సైనికపత్రికలో రహస్యలిపిని గురించి వ్యాసములు వ్రాస్తూ ఒక నియమమును ప్రతిపాదించాడు. రహస్యలిపి పద్ధతి శత్రువు చేతిలో పడినా నష్టము ఉండకూడదనీ, మార్చుకొనటానికి వీలైన చిన్న తాళపుచెవి మాత్రమే రహస్యముగా ఉండాలనీ దాని సారాంశము. సూత్రముమీద ఆధారపడిన రేడియో తాళములు ఈ నియమమును పాటించలేదు. తాళపుచెవి కావలసిన క్రమసంఖ్య అందరికీ కనబడే చీటీమీద ఉన్నది. దాచవలసి వచ్చినది పద్ధతిని. పద్ధతి తెలిసిన వారు ఎక్కువయ్యేకొద్దీ దాచుట కష్టమైనది.

సంఖ్యను తిరిగి సంపాదించే విధము

సంఖ్య పోగొట్టుకొన్న యజమాని వరుసగా చేయదగిన పనులు ఇవి.

మొదట కారులోనే వెదకాలి. కారుతో ఇచ్చిన పుస్తకముల సంచిలో, ముందు సొరుగు లోపలి ప్రక్కన, సేవాపుస్తకపు చివరిపుటలలో ఆ సంఖ్య వ్రాసి ఉండవచ్చును. ఒక్కొక్కప్పుడు పాత యజమానియో, మరమ్మతు చేసినవారో రేడియో పెట్టెమీదనే వ్రాస్తారు. అట్లా వ్రాయుట తాళపుచెవిని తాళమునకే వ్రేలాడదీసినట్లు. అయినా క్రొత్తగా కొన్నవారికి అదే ప్రాణము పోస్తుంది.

అక్కడ దొరకకపోతే క్రమసంఖ్య తెలుసుకోవాలి. ఫోర్డు రేడియోలు కొన్నిటిలో మొదటి మీటను, ఆరవ మీటను కలిపి నొక్కి పట్టుకొంటే, అక్షరము, ఆరంకెలు గల క్రమసంఖ్య పలకమీదనే కనబడుతుంది. హోండా రేడియోలు కొన్నిటిలో కూడా అవే రెండు మీటలు నొక్కిపెట్టి రేడియోను వేస్తే క్రమసంఖ్య వస్తుంది. మిగిలినవాటిలో రేడియోను సొరుగునుండి బయటికి లాగి చీటీ చూడాలి.

ఆ సంఖ్యతో కంపెనీ ఏజెంటువద్దకు వెళ్ళవచ్చును. హోండా కంపెనీవారు అమెరికాలో తమ వెబ్‌సైటుద్వారానే ఇస్తున్నారు. వారికి రేడియో క్రమసంఖ్యతోపాటు వాహనపు గుర్తింపు సంఖ్య కూడా చెప్పాలి. ఇది ప్రతి కారుకు వేరుగా ఉండే 17 అక్షరములు, అంకెల వరుస. ఏజెంట్లు కారు రిజిస్ట్రేషను కాగితములు, మనిషి గుర్తింపు పత్రము చూపమనవచ్చును. చూపమనుటలో న్యాయమున్నది. రేడియో అడగలేని ప్రశ్నను ఇక్కడ మనిషి అడుగుతున్నాడు: ఈ కారు నీదేనా?

ఏజెంటువద్ద లాభము లేకపోతే, లేక రేడియో పూర్తిగా మూసుకొనిపోతే, మిగిలినది ఎలక్ట్రానిక్ మరమ్మతు తెలిసినవారు. వారు పెట్టె విప్పి ఎనిమిది కాళ్ళ చిప్పులోని గుర్తులను ఒక పరికరముతో చదువుతారు. కొన్ని రేడియోలలో సంఖ్య నేరుగా కనబడుతుంది. మరికొన్నిటిలో తయారీదారులు దానిని కలగాపులగము చేసి ఉంచుతారు. దొంగ కూడా ఈ పని చేయించవచ్చును గదా అంటే, చేయించవచ్చును. కాని దానికి పరికరము, నేర్పు, ఖర్చు కావాలి. దొంగసొమ్ముమీద పెట్టిన ఖర్చు దాని ధరను మించేటట్లు చేయగలిగితే తాళము తన పని చేసినట్లే. విప్పలేని తాళమును ఎవరూ చేయలేదు. విప్పుట దండుగ అనిపించే తాళమును చేశారు.

ఈ అవస్థలన్నీ పడకుండా ఉండే దారి సులువైనది. బ్యాటరీ మార్చబోయే ముందు సంఖ్య చేతిలో ఉన్నదో లేదో చూచుకోవాలి. లేకపోతే, మార్చేటంతసేపు వేరొక చిన్న బ్యాటరీనుండి ఆ ఎప్పుడూ ఉండే తీగకు విద్యుత్తు అందేటట్లు చేసే పరికరములు ఉన్నవి. సుద్దవ్రాత చెరగకపోతే రేడియోకు అనుమానమే రాదు.

మనిషినా, కారునా, గుర్తుపట్టవలసినది?

నాలుగంకెల తాళములోని అసలు లోపము లెక్కలలో లేదు. అది సంఖ్యను గుర్తుపడుతుంది గాని యజమానిని గుర్తుపట్టదు. సంఖ్య తెలిసిన దొంగ దానికి యజమాని, సంఖ్య మరచిన యజమాని దానికి దొంగ. కారు ఒక చేతినుండి మరొక చేతికి మారినప్పుడల్లా కాగితము జారిపోయే అవకాశము పెరుగుతుంది. అందుచేత ఈ తాళపు బరువు ఎక్కువగా పడేది మూడవ, నాలుగవ యజమానిమీద. పాతకారు కొనేవారు క్రొత్తది కొనలేనివారే తరచుగా.

తరువాత వచ్చిన కార్లలో ఇంజనీర్లు మరొక మార్గము త్రొక్కారు. ఇంజనుకు, బ్రేకులకు, వేగము చూపే పలకకు వేరువేరు గణకములు ఉండి, అవి ఒకదానితో ఒకటి తీగలమీద మాట్లాడుకొంటవి. రేడియో కూడా ఆ సంభాషణలో చేరినది. విద్యుత్తు పోయి తిరిగి రాగానే అది మనిషిని అడుగదు. కారులోని మరొక గణకమును గుర్తింపు అడుగుతుంది. తాను పూర్వము ఎరిగిన గుర్తింపే వస్తే నిశ్శబ్దముగా తాళము తీసుకొని పాడుతుంది. వేరే గుర్తింపు వస్తే పరాయి కారులో ఉన్నానని గ్రహించి ఆగిపోతుంది. వోక్స్‌వాగన్ కార్లలో ఈ పద్ధతి వచ్చిన తరువాత బ్యాటరీ మార్చినంతమాత్రాన సంఖ్య అడుగుట తప్పినది.

దీనివలన ఒక చిక్కు తీరి మరొకటి వచ్చినది. పాడైన రేడియో బదులు పాతసామానుల అంగడిలో అటువంటిదే కొని బిగించుకొందామంటే, అది కొన్న కారును పరాయిదిగా చూస్తుంది. దానిని ఒప్పించే పరికరము చాలాసార్లు కంపెనీ ఏజెంటువద్దనే ఉంటుంది. మరమ్మతు చేసుకొనే హక్కు కొన్నవానిదా, తయారుచేసినవానిదా అనే వివాదము నేడు పలుదేశములలో నడుస్తున్నది. కారు రేడియో ఆ పెద్ద ప్రశ్నకు ఒక చిన్న ఉదాహరణము.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును పరికరములేవీ లేకుండానే తరగతిలో చూపవచ్చును. ఒక విద్యార్థి కాగితముమీద రెండంకెల సంఖ్య వ్రాసి దాచుకొంటాడు. అతడే రేడియో. మిగిలినవారు వరుసగా ఊహించి చెబుతారు. మొదటి ఆటలో అడ్డు లేకుండా చెప్పనివ్వాలి. రెండవ ఆటలో ప్రతి రెండు తప్పులకు ఒక నిమిషము ఆపాలి. రెండు ఆటలకూ పట్టిన కాలమును గుర్తించి, ఆటను పదిసార్లు ఆడి సగటు కట్టితే, అంకెలు మారకుండానే తాళము ఎంత గట్టిపడినదో కంటికి కనబడుతుంది. బ్యాంకు యంత్రమువద్ద మూడుసార్లు తప్పు సంఖ్య నొక్కితే కార్డు ఎందుకు నిలిచిపోతుందో కూడా అప్పుడు వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ ప్రయోగమునకు పైన కల్పించుకొన్న సూత్రమే చాలు. సూత్రము చెప్పకుండా, 052841కి 4715, 316093కి 6239 అని రెండు జతలు నల్లబల్లమీద వ్రాసి, 407358కి రహస్యసంఖ్య ఎంతో కనుగొనమని అడగాలి. చివరి నాలుగంకెలను త్రిప్పి చూడవలెనని ఎవరికో ఒకరికి తట్టుతుంది. 1860 అని జవాబు వచ్చిన క్షణమున ఆ సూత్రముతో చేసిన తాళములన్నీ తెరచుకొన్నట్లే.

ఇక మన గృహస్థు సంగతి. అతడు తోచిన సంఖ్యలు నొక్కకుండా, ఒకటవ, ఆరవ మీటలు నొక్కి క్రమసంఖ్య తెలుసుకొని, కారు కాగితములతో ఏజెంటువద్దకు వెళితే రేడియో ఆ సాయంత్రమే పాడవచ్చును. పాడిన తరువాత చేయవలసిన పని మరొకటి ఉన్నది. ఆ సంఖ్యను ఒక అట్టముక్కమీద వ్రాసి, కారులో గాక ఇంటిలో కారు కాగితములతో కలిపి ఉంచాలి. రేపు అతడు కారు అమ్మేనాడు తాళపుచెవులతోపాటు ఆ అట్టముక్కను కూడా కొన్నవారి చేతిలో పెట్టాలి.